16 సిగ్నై ఎ: భ్రమణ చీలిక 0.92 వస్తోంది, వంపు 26 డిగ్రీలు. ఎక్కడ తప్పుతోంది?

ప్రశాంతి_హెచ్‌ఎస్‌ఆర్‌లేఅవుట్

అందరికీ నమస్కారం. హంస మండలంలోని 16 సిగ్నై ఎ నక్షత్రం డోలనాల (లోపలి ధ్వని తరంగాల వల్ల వెలుగులో వచ్చే హెచ్చుతగ్గుల) నుంచి దాని భ్రమణం తీయాలని ప్రయత్నం. భ్రమణం వల్ల ఒక్కో డోలన పౌనఃపున్యం పాయలుగా విడిపోయే ఎడం చీలిక, భ్రమణాక్షం మన చూపు రేఖతో చేసే కోణం వంపు. వాడిన పద్ధతి ఇది:

కెప్లర్ అంతరిక్ష టెలిస్కోపు షార్ట్ కేడెన్స్ (నిమిషానికో కొలత) డేటా, ఒక్క క్వార్టర్, సుమారు 90 రోజులు. లోంబ్-స్కార్గల్ పవర్ స్పెక్ట్రం (ఏ పౌనఃపున్యంలో ఎంత బలముందో చూపే గీత), ఓవర్‌శాంప్లింగ్ 5. శిఖరాలు మరీ గరుకుగా ఉన్నాయని 0.3 మైక్రోహెర్ట్జ్ బాక్స్‌తో స్మూత్ చేశాను. తర్వాత ఎల్=0, 1, 2 మోడ్‌లకు లోరెంజియన్లు (శిఖరం ఆకారపు గీతలు) పెట్టి లీస్ట్ స్క్వేర్స్ ఫిట్. మోడ్ అంటే ఒక్కో డోలన రీతి, ఎల్ దాని ఉపరితల నమూనాను చెప్పే సంఖ్య.

వచ్చినవి: చీలిక 0.92 ± 0.04 మైక్రోహెర్ట్జ్, వంపు 26 ± 2 డిగ్రీలు, శిఖరం వెడల్పు 1 మైక్రోహెర్ట్జ్‌కి దగ్గర.

ప్రచురితమైన భ్రమణ కాలం 23.8 రోజులు, అంటే 0.486 మైక్రోహెర్ట్జ్. వంపు 56 డిగ్రీలు. నాకు వచ్చింది 12.6 రోజులు. ఫిట్ గీత చూస్తే స్పెక్ట్రం మీద అతికినట్టే కూర్చుంది. మరి తప్పు ఎక్కడుంది?

సూర్యనారాయణ_మల్లేశ్వరం

ప్రశాంతి గారూ, ముందు రెండు గుణకారాలు చేసి చూడండి.

0.92 × సైన్ 26° = 0.403
0.486 × సైన్ 56° = 0.403

మీ ఫిట్ తప్పు చెప్పలేదు. మీ డేటా దేనికి జవాబు చెప్పగలదో దానికి చెప్పింది, చీలికనీ సైన్ వంపునీ గుణిస్తే వచ్చే లబ్ధం అదే. దాన్ని రెండు ముక్కలుగా విడదీసి, ఒక్కోదానికి ± తగిలించినచోటే ఇబ్బంది మొదలైంది.

ఇది ఎందుకు జరుగుతుందో కాగితం మీద తేల్చవచ్చు. ఎల్=1 మోడ్ మూడు పాయలుగా చీలుతుంది: ఎం = −1, 0, +1. మనవైపు కనిపించే పవర్‌లో నడిమి పాయ వాటా కొసైన్ వంపు వర్గం. పక్క పాయలు ఒక్కోదానికి సైన్ వంపు వర్గంలో సగం. మూడూ కలిపితే ఎప్పుడూ 1.

ఇప్పుడు ఆ మూడు పాయల విస్తరణ, అంటే వేరియన్స్, కట్టండి. నడిమిది కేంద్రంలోనే ఉంది కాబట్టి సున్నా. పక్కవి రెండూ చీలిక దూరంలో ఉన్నాయి. మొత్తం = చీలిక వర్గం × సైన్ వంపు వర్గం. అంతే. ఎల్=2 కి కూడా ఇదే లెక్క వేస్తే 3 × చీలిక వర్గం × సైన్ వంపు వర్గం వస్తుంది.

శిఖరం వెడల్పు చీలిక కంటే ఎక్కువైనప్పుడు పాయలు విడిగా కనపడవు, ఒకే మూపురంగా కలిసిపోతాయి. అప్పుడు స్పెక్ట్రంలో మిగిలే సమాచారం ముఖ్యంగా ఆ మూపురం ఎంత లావెక్కిందన్నదే. ఆ లావు లబ్ధం మీదే ఆధారపడుతుంది. అందుకే 26 డిగ్రీల దగ్గరా 56 డిగ్రీల దగ్గరా గీత ఒకేలా అతుకుతుంది.

సూర్యుడిలాంటి నక్షత్రాలన్నిటికీ ఇదే చిక్కు. నూమాక్స్ (డోలనాలు అత్యంత బలంగా ఉండే పౌనఃపున్యం) దగ్గర సూర్యుడి మోడ్ వెడల్పు సుమారు 1 మైక్రోహెర్ట్జ్, చీలిక 0.4. వెడల్పు మోడ్ ఆయుష్షు నుంచి వస్తుంది: వెడల్పు = 1 ÷ (పై × ఆయుష్షు). 3.7 రోజుల ఆయుష్షుకు సరిగ్గా 1 మైక్రోహెర్ట్జ్. నక్షత్రం ఒక చుట్టు తిరిగేలోపు డోలనం ఆరేడుసార్లు చచ్చి పుడుతోందన్నమాట.

కడప_కుర్రాడు

సార్, అయితే వంపు అసలు దేని నుంచి వస్తుంది? లావు ఒక్కటే కనపడితే 56 అని ఎలా చెప్పగలిగారు?

సూర్యనారాయణ_మల్లేశ్వరం

మూపురం ఆకారం నుంచి తమ్ముడూ. అందులో ఎల్=2 ఎక్కువ చెబుతుంది. రెండు వంపులకు పాయల వాటాలు చూడు.

వంపు 26°: ఎల్=1 లో నడిమిది 0.81, పక్కవి ఒక్కోటి 0.10. ఎల్=2 లో నడిమిది 0.51, ఎం=±1 ఒక్కోటి 0.23, ఎం=±2 ఒక్కోటి 0.014.

వంపు 56°: ఎల్=1 లో 0.31, 0.34, 0.34. ఎల్=2 లో నడిమిది 0.001, ఎం=±1 ఒక్కోటి 0.32, ఎం=±2 ఒక్కోటి 0.18.

ఎల్=1 కి 54.7 డిగ్రీల దగ్గర మూడు పాయలూ సమానం. సరిగ్గా అదే కోణంలో ఎల్=2 నడిమి పాయ మాయమవుతుంది. అంటే 56 డిగ్రీల నక్షత్రంలో ఎల్=2 మధ్య గుంట పడాలి, 26 డిగ్రీలదైతే మధ్యలో మొన తేలాలి. ఆ గుంట కనపడాలంటే వెడల్పు తక్కువున్న మోడ్‌లు కావాలి, రోజులు కావాలి. నూమాక్స్ కంటే కింది మోడ్‌లు సన్నగా ఉంటాయి. పవర్ తక్కువైనా చీలిక విషయంలో అసలు సాక్ష్యం వాటిదే. చాలామంది బలంగా కనిపించే నడిమి నాలుగైదు మోడ్‌లతో ఫిట్ ముగిస్తారు. అది సరికాదు. పై పౌనఃపున్యాల్లో వెడల్పు వేగంగా పెరిగిపోతుంది కాబట్టి అక్కడివి వదిలినా నష్టం లేదు, కిందివి మాత్రం వదలకూడదు.

వేదవతి_ఇందిరానగర్

సూర్యనారాయణ గారు చెప్పింది భౌతికం. ప్రశాంతి గారి ± 2 డిగ్రీలు ఎందుకు నమ్మకూడదో లెక్క వైపు నుంచి చెబుతాను. మూడు చోట్ల సవరించాలి.

మొదటిది లీస్ట్ స్క్వేర్స్. పవర్ స్పెక్ట్రంలో ఒక్కో బిన్ విలువ గాసియన్ పంపిణీలో ఉండదు. కై-స్క్వేర్, రెండు డిగ్రీల ఫ్రీడం, అంటే ఎక్స్‌పొనెన్షియల్. సగటు ఎంతో చెదురు అంతే. కాబట్టి శిఖరం ఎత్తున ఉన్న బిన్‌కూ, నేపథ్యంలోని బిన్‌కూ ఒకే బరువు ఇస్తే ఫిట్ ఎత్తైన ముళ్ల వెంట పరిగెడుతుంది. వాడవలసిన లైక్లీహుడ్ (మోడల్ డేటాకు ఎంత నప్పుతుందో చెప్పే కొలత) ఇది: ప్రతి బిన్‌కూ (మోడల్ యొక్క లాగరిథమ్ + పవర్ ÷ మోడల్) కట్టి, అన్నీ కూడి, ముందు మైనస్ గుర్తు పెట్టండి. ఒక్క లైన్ కోడ్.

రెండోది ఓవర్‌శాంప్లింగ్, అంటే బిన్‌లను అవసరానికి మించి దగ్గరగా పెట్టడం. 5 పెడితే బిన్‌లు ఐదు రెట్లవుతాయి, సమాచారం పెరగదు. పక్కపక్క బిన్‌లు ఒకదానితో ఒకటి ముడిపడిపోతాయి. పై లైక్లీహుడ్ ప్రతి బిన్ స్వతంత్రం అనుకుంటుంది. ఫలితంగా ఎర్రర్లు దాదాపు రూట్ 5 రెట్లు, అంటే 2.2 రెట్లు, చిన్నవిగా కనపడతాయి. బిన్ దూరం 1 ÷ మొత్తం కాలం, అంతే ఉంచండి. 90 రోజులకు అది 0.129 మైక్రోహెర్ట్జ్. లైట్‌కర్వ్ అనే పైథాన్ ప్యాకేజీలో నార్మలైజేషన్ పీఎస్‌డీ అని పెడితే ఓవర్‌శాంప్లింగ్ తనంతట తానే 1 అవుతుంది. ఆంప్లిట్యూడ్ అని వదిలేస్తే 5.

మూడోది స్మూతింగ్. ఫిట్‌కు ముందు ఎప్పుడూ చేయకండి. 0.3 బాక్స్ శిఖరాన్ని వెడల్పు చేస్తుంది, ఎల్=2 లోని గుంటను పూడ్చేస్తుంది. వంపు చెప్పగల ఒక్క గుర్తునూ మీ చేత్తోనే చెరిపేసినట్టు. కంటికి చూసుకోవడానికి స్మూత్ చేసిన ప్రతి వేరే ఉంచుకోండి, ఫిట్‌కు ముడి స్పెక్ట్రమే ఇవ్వండి.

ప్రశాంతి_హెచ్‌ఎస్‌ఆర్‌లేఅవుట్

వేదవతి గారూ, మూడూ సవరిస్తాను. నేపథ్యానికి ఒక స్థిర సంఖ్య మాత్రమే పెట్టాను. అది చాలదా?

వేదవతి_ఇందిరానగర్

చాలదు, కానీ చీలికకు అది పెద్ద శత్రువు కాదు. రెండు హార్వీ పదాలు (పౌనఃపున్యం పెరిగేకొద్దీ తగ్గే ఉపరితల నేపథ్యానికి), ఒక తెల్ల నాయిస్ (అన్ని పౌనఃపున్యాల్లోనూ సమానంగా ఉండేది). ఘాతం 4 పెట్టండి. హార్వీ పదాలనూ మోడ్ పవర్‌నూ అపోడైజేషన్‌తో గుణించండి, అంటే ప్రతి కొలత కొంత సమయపు సగటు కావడం వల్ల తగ్గే బలానికి గుణకం, సింక్ వర్గం (పై/2 × పౌనఃపున్యం ÷ నైక్విస్ట్). తెల్ల నాయిస్‌ను గుణించకూడదు. షార్ట్ కేడెన్స్‌కు నైక్విస్ట్ (కొలవగల గరిష్ఠ పౌనఃపున్యం) 8,496 మైక్రోహెర్ట్జ్ కాబట్టి 2,200 దగ్గర సవరణ చిన్నదే. ముందు మోడ్‌లున్న ప్రాంతాన్ని ఒక గాసియన్ మూపురంగా పెట్టి నేపథ్యం ఫిట్ చేయండి, తర్వాత దాన్ని బిగించి మోడ్‌ల ఫిట్‌కు వెళ్లండి. 100 మైక్రోహెర్ట్జ్ కిందిది వదిలేయండి, అక్కడ మచ్చల ప్రభావమూ, పరికరం డ్రిఫ్టూ కలిసి ఉంటాయి.

చుక్కలరాజు

డేటా గురించి ఎవరూ అడగలేదు. 16 సిగ్నై ఎ కెప్లర్‌కు మరీ ప్రకాశవంతమైన చుక్క, 6 మాగ్నిట్యూడ్ దగ్గర. పిక్సెళ్లు నిండి ఛార్జ్ నిలువు వరుసలో పైకీ కిందికీ పారుతుంది. పారిన ఛార్జ్ ఎక్కడికీ పోదు, వరుస మొత్తం కూడితే కాంతి దక్కుతుంది. అపర్చర్ (కాంతి కూడే పిక్సెళ్ల గుంపు) ఆ వరుస చివరల్ని కోసేస్తే మాత్రం గురి కొద్దిగా కదిలినప్పుడల్లా కాంతి మారినట్టు కనిపిస్తుంది. అందుకని పిక్సెల్ ఫైల్ దించి అపర్చర్ మీరే గీయండి.

పక్కనే దాని జంట నక్షత్రం బి ఉంది, సుమారు 39 ఆర్క్‌సెకన్ల దూరంలో. కెప్లర్ పిక్సెల్ దాదాపు 4 ఆర్క్‌సెకన్లు, అంటే పది పిక్సెళ్ల ఎడం. ఎ అపర్చర్‌లోకి బి కాంతి వస్తే దాని మోడ్‌లూ వస్తాయి. ఎ కి డెల్టా నూ (ఒకే ఎల్ ఉన్న వరుస మోడ్‌ల మధ్య ఎడం) 103.3, నూమాక్స్ 2,190 దగ్గర. బి కి 116.9, 2,560 దగ్గర. స్పెక్ట్రాన్ని 103.3 ముక్కలుగా కోసి ఒకదానిమీదొకటి పేర్చిన ఎషెల్ చిత్రంలో నిలువుగా నిలబడకుండా ఏటవాలుగా జారే గీత కనిపిస్తే అది బి దే.

ఇంకొకటి. కెప్లర్ లాంగ్ కేడెన్స్ (అరగంటకో కొలత) చదివే లయ షార్ట్ కేడెన్స్‌లోకి దూరుతుంది: 566.4 మైక్రోహెర్ట్జ్, దాని గుణిజాలు. నాలుగోది 2,265.6. అది సరిగ్గా ఎ మోడ్‌ల నడుమ పడుతుంది. చాలా సన్నని, ఒకటి రెండు బిన్‌ల ముల్లు. దాన్ని మోడ్ పాయ అనుకుని ఫిట్ పట్టుకుంటే చీలిక ఎటో పోతుంది. ఆ బిన్‌లను లైక్లీహుడ్‌లో లెక్కించకుండా తీసేయండి. సున్నా మాత్రం పెట్టకండి. సున్నా కూడా ఒక విలువే, ఫిట్ దానికీ స్పందిస్తుంది.

లోకేశ్_కోరమంగళ

వంపు చిక్కుకు ఒక దారి చెప్పనా? వర్ణపటం నుంచి వి సైన్ ఐ (ఉపరితల భ్రమణ వేగం × సైన్ వంపు) తీసుకుని ప్రయర్‌గా, అంటే ముందస్తు అంచనాగా పెడితే? ఈ నక్షత్రం వ్యాసార్ధం సూర్యుడికి 1.22 రెట్లని ఇంటర్‌ఫెరోమెట్రీ చెబుతోంది. వేగం తెలిస్తే వంపు తేలిపోతుంది కదా.

సూర్యనారాయణ_మల్లేశ్వరం

లోకేశ్ గారూ, తేలదు. అందరూ మొదట అనుకునేది అదే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

వి సైన్ ఐ లో కూడా సైన్ వంపు ఉంది. అది 2 పై × వ్యాసార్ధం × (ఉపరితల చీలిక × సైన్ వంపు). మన డోలనాలిచ్చేది కూడా చీలిక × సైన్ వంపు. రెండూ ఒకే లబ్ధాన్ని కొలుస్తున్నాయి. 0.403 కి లెక్క కడితే సెకనుకు 2.15 కిలోమీటర్లు వస్తుంది. వంపు 26 అయినా అంతే, 56 అయినా అంతే.

అలాగని వి సైన్ ఐ పనికిరాదనుకోకండి. దాని విలువ వేరేచోట ఉంది. ఒకటి లోపలి భ్రమణం తాలూకు సగటు, ఇంకొకటి ఉపరితలానిది. రెంటి నిష్పత్తి తీస్తే సైన్ వంపు కొట్టుకుపోతుంది. అంటే వంపు తెలియకుండానే లోపలా వెలుపలా ఒకే వేగమా కాదా అని పరీక్షించవచ్చు. అందం అక్కడుంది.

వంపును విడదీసేది మచ్చల వల్ల వచ్చే వెలుగు మార్పు. దాని కాలం వంపుతో సంబంధం లేకుండా భ్రమణాన్నే ఇస్తుంది. కానీ 16 సిగ్నై ఎ వయసు 700 కోట్ల ఏళ్ల దగ్గర. మచ్చలు అంత తేలిగ్గా కనపడే చుక్క కాదు. ఇలాంటి ముసలి చుక్కలకు డోలనాలే దిక్కు.

లోకేశ్_కోరమంగళ

అర్థమైంది సార్, నేను ఒకే లబ్ధాన్ని రెండుసార్లు లెక్కేస్తున్నాను. ఒప్పుకుంటున్నా.

వర్ణపటం వైపు నుంచి ఒక హెచ్చరిక కలుపుతాను. విభేదన శక్తి 60,000 ఉన్న స్పెక్ట్రోగ్రాఫ్ ఒక్కో ఘటకం సెకనుకు 5 కిలోమీటర్లు. మనం కొలవాలనుకుంటున్నది 2.1. కావలూరులోని 2.34 మీటర్ల వైను బప్పు టెలిస్కోపులాంటి చోట ఎషెల్ వర్ణపటం తీసినా, భ్రమణం వల్ల గీత వెడల్పవడమూ, మాక్రోటర్బులెన్స్ (ఉపరితల వాయువుల పెద్ద కదలికలు) వల్ల వెడల్పవడమూ కలిసిపోతాయి. సూర్యుడిలాంటి నక్షత్రంలో మాక్రోటర్బులెన్స్ భ్రమణం కంటే పెద్దది. దానికి ఏ విలువ ఎంచుకున్నామో దాన్నిబట్టి వి సైన్ ఐ జరుగుతుంది. కాబట్టి లోపలి, వెలుపలి తేడా ఉందని ప్రకటించే ముందు మాక్రోటర్బులెన్స్ విలువ అటూ ఇటూ మార్చి చూడాలి.

కడప_కుర్రాడు

లోపలి సగటు అంటున్నారు. లోపల అంటే ఎంత లోపల? నడి గర్భం ఎంత వేగంగా తిరుగుతోందో ఇందులో తెలుస్తుందా?

సూర్యనారాయణ_మల్లేశ్వరం

తెలియదు. ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా తక్కువే, ఎందుకంటే శీర్షికల్లో "గర్భ భ్రమణం" అని రాసేస్తుంటారు.

ధ్వని తరంగం ఎక్కడ ఎక్కువసేపు గడుపుతుందో ఆ చోటి భ్రమణాన్నే ఎక్కువగా మోసుకొస్తుంది. సూర్యుడి డెల్టా నూ 135.1 మైక్రోహెర్ట్జ్. కేంద్రం నుంచి ఉపరితలానికి ధ్వని పట్టే సమయం దాని రెట్టింపుకు విలోమం: సుమారు 3,700 సెకన్లు, గంటా రెండు నిమిషాల దగ్గర. సంవహన మండలం (వాయువులు మరుగుతూ వేడిని పైకి తెచ్చే పై పొర) అడుగు 0.713 వ్యాసార్ధం దగ్గర. అంటే పైనున్న 29 శాతం మందం దాటడానికే అందులో సగానికి పైగా సమయం పడుతుంది. లోపల వేడి ఎక్కువ, ధ్వని వేగం ఎక్కువ, తరంగం చటుక్కున దాటిపోతుంది. గర్భంలో ఉండేది కొద్ది నిమిషాలు.

కాబట్టి గర్భం రెట్టింపు వేగంతో తిరిగినా ఎల్=1, 2 చీలిక మారేది కొంచెమే. పైగా ఒక మోడ్ నుంచి ఇంకో మోడ్‌కు ఆ వాటా పెద్దగా మారదు. అందుకే ఇన్వర్షన్ చేసి లోతు వారీగా వేగం గీయడం ఇలాంటి నక్షత్రానికి సాధ్యం కాదు. సూర్యుడికి సాధ్యమైంది ఎందుకంటే అతని బింబాన్ని ముక్కలుగా చూడగలం, ఎల్ వందల్లో ఉన్న మోడ్‌లు దొరుకుతాయి. వాటితోనే భూమధ్యరేఖ దగ్గర 25 రోజులు, ధ్రువాల వైపు 35 రోజులు, సంవహన మండలం కింద అంతా దాదాపు ఒకే గడ్డలా 0.43 మైక్రోహెర్ట్జ్‌తో తిరుగుతోందని తెలిసింది. అక్కడ కూడా 0.2 వ్యాసార్ధం లోపల ఏముందన్నది ధ్వని మోడ్‌లతో గట్టిగా తేలలేదు. సూర్యుడిలో గురుత్వ మోడ్‌లు (ఉత్ప్లవనం నడిపే లోతైన డోలనాలు) దొరికాయని 2017లో వచ్చిన ప్రకటన మీద కూడా మరుసటి ఏడాదే అభ్యంతరాలొచ్చాయి.

దూరపు నక్షత్రాలకు మనం నిజాయితీగా చెప్పగలిగింది ఇది: "సంవహన మండలానికి ఎక్కువ బరువున్న ఒక సగటు భ్రమణం ఇంత. ఉపరితలంతో పోలిస్తే ఇంత తేడా, లేదా తేడా లేదు." 2015లో 22 నక్షత్రాల మీద ఇలాగే చూస్తే, దాదాపు అన్నిటా లోపలి మండలానికీ పై మండలానికీ తేడా రెండు రెట్లు దాటలేదు. ఇది చిన్న విషయం కాదు. ఏదో ఒకటి లోపలి వేగాన్ని బయటికి పంచుతోంది. అది అయస్కాంత క్షేత్రమా, అంతర్గత గురుత్వ తరంగాలా అన్నది ఇంకా వాదనలోనే ఉంది.

చుక్కలరాజు

తమ్ముడికి గర్భమే కావాలంటే సబ్‌జెయింట్లకూ (దిగ్గజాలుగా మారుతున్న చుక్కలకు) ఎర్ర దిగ్గజాలకూ వెళ్లాలి. అక్కడ గర్భంలోని గురుత్వ తరంగాలు పై ధ్వని తరంగాలతో కలిసి మిశ్రమ మోడ్‌లవుతాయి, గర్భం కబురు ఉపరితలానికి చేరుతుంది. 2012లో ఎర్ర దిగ్గజాల గర్భం ఉపరితలం కంటే కనీసం పది రెట్లు వేగంగా తిరుగుతోందని అలాగే తేలింది. పది రెట్లు అంటే ఎక్కువే అనిపిస్తుంది, కానీ సిద్ధాంత నమూనాలు అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ వేగం చెబుతాయి.

ఆ చుక్కల నూమాక్స్ తక్కువ కాబట్టి కెప్లర్ లాంగ్ కేడెన్స్, నైక్విస్ట్ 283 మైక్రోహెర్ట్జ్, చాలు. వేలల్లో ఉన్నాయి. ఒక జాగ్రత్త మాత్రం: గురుత్వ స్వభావం ఎక్కువున్న ఎల్=1 మోడ్ చీలిక గర్భ భ్రమణంలో సగమే. ధ్వని మోడ్‌కు ఆ గుణకం దాదాపు 1. ఈ సగాన్ని మరిచిపోతే జవాబు రెండు రెట్లు తప్పుతుంది.

ప్రశాంతి_హెచ్‌ఎస్‌ఆర్‌లేఅవుట్

ఎన్ని రోజుల డేటా పెడితే వంపు విడిపోతుంది? టెస్ అంతరిక్ష టెలిస్కోపు డేటా కలపవచ్చా? మన ఆదిత్య-ఎల్1 తో సూర్యుడి మీద ముందు సాధన చేయవచ్చా?

వేదవతి_ఇందిరానగర్

రోజుల లెక్క: ఒక శిఖరం స్థానంలో ఎర్రర్ వర్గం సుమారుగా వెడల్పు ÷ (4 పై × కాలం), నాయిస్ తక్కువున్నప్పుడు. వెడల్పు 1 మైక్రోహెర్ట్జ్, కాలం 90 రోజులైతే ఎర్రర్ 0.10 మైక్రోహెర్ట్జ్. రెండున్నరేళ్లయితే 0.03. కాలం నాలుగు రెట్లయితే ఎర్రర్ సగం. 16 సిగ్నై మీద ప్రచురితమైన ఫలితం రెండున్నరేళ్లకు పైగా డేటాతో వచ్చింది. మీరు కూడా ఉన్న క్వార్టర్లన్నీ దించండి. క్వార్టర్‌కోసారి కెప్లర్ 90 డిగ్రీలు తిరుగుతుంది, చుక్క వేరే సీసీడీ మీద పడుతుంది. కాబట్టి ఒక్కో క్వార్టర్‌ను దాని మీడియన్‌తో భాగించి తర్వాతే అతకండి.

టెస్: ఒక సెక్టార్ 27 రోజులు, బిన్ 0.43 మైక్రోహెర్ట్జ్. చీలికంత బిన్. డెల్టా నూ, నూమాక్స్ వరకు బాగుంటుంది, చీలికకు వద్దు.

ఆదిత్య: ప్రధాన పరికరం వీఈఎల్‌సీని మన కోరమంగళలోని ఐఐఏ (భారత ఖగోళభౌతిక సంస్థ) తయారుచేసింది, కానీ అది సూర్యుడి బయటి వాతావరణమైన కరోనా కోసం. ఉపరితలపు డాప్లర్ వేగాలు కొలిచే హీలియోసీస్మిక్ (సూర్య కంపనాల) పరికరం ఆదిత్యలో లేదు. సాధనకు సోహో నౌకలోని గోల్ఫ్, వర్గో డేటా తీసుకోండి, 1996 నుంచి ఉంది. భూమి మీది బైసన్ టెలిస్కోపుల వ్యవస్థ డేటా కూడా మంచిదే. బింబాన్ని ముక్కలుగా చూసే గాంగ్ వ్యవస్థ ఆరు కేంద్రాల్లో ఒకటి ఉదయపూర్‌లో ఉంది, కానీ మీకు కావలసింది సూర్యుణ్ణి ఒకే చుక్కలా చూసిన డేటా.

సూర్యుడితో చేసేటప్పుడు రెండు గుర్తుంచుకోండి. మనం అతన్ని దాదాపు 90 డిగ్రీల వంపులో చూస్తాం, కాబట్టి ఎల్=1 నడిమి పాయ కనపడదు, 0.8 ఎడంతో రెండే పాయలు. రెండోది, మనం కూడా అతని చుట్టూ తిరుగుతున్నాం. సంవత్సరానికి ఒక చుట్టు అంటే 0.032 మైక్రోహెర్ట్జ్. 0.43 కాస్తా 0.40గా కనిపిస్తుంది. దూరపు నక్షత్రాలకు ఈ సవరణ లేదు.

సూర్యనారాయణ_మల్లేశ్వరం

కాలం పెంచితే వచ్చే ఒక ఇబ్బంది చేరుస్తాను. సూర్యుడి మోడ్ పౌనఃపున్యాలు మచ్చల చక్రం కనిష్ఠం నుంచి గరిష్ఠానికి 3,000 మైక్రోహెర్ట్జ్ దగ్గర 0.4 మైక్రోహెర్ట్జ్ వరకు పెరుగుతాయి. చీలికంత జరుగుదల. అయస్కాంతపరంగా చురుకైన నక్షత్రాన్ని నాలుగేళ్లు కలిపి ఫిట్ చేస్తే శిఖరాలు ఆ జరుగుదలతో లావెక్కుతాయి. అలాంటి చుక్కకు ముందు ఏడాదికో ముక్కగా ఫిట్ చేసి ఎల్=0 స్థానాలు కదులుతున్నాయేమో చూడాలి. ఎల్=0 కి చీలిక ఉండదు కాబట్టి అది శుభ్రమైన సాక్షి. ఈ కారణంగానే వెడల్పు కూడా ఎల్=0 నుంచే తేలాలి. ఎల్=2 దాని పక్కనే ఉంటుంది, సూర్యుడిలో 9 మైక్రోహెర్ట్జ్ ఎడం. రెంటికీ ఒకే వెడల్పు పెట్టి జంటగా ఫిట్ చేయండి.

సూర్యుడి కంటే వేడైన ఎఫ్ తరగతి నక్షత్రాల్లో ఈ జంటే మోసం చేస్తుంది. వెడల్పు 5 దాటాక ఎల్=0, 2 కలిసి ఎల్=1 లాగే ఒక లావు గీతగా కనిపిస్తాయి. కోరో నౌక చూసిన హెచ్‌డీ 49933 కి 2008లో గీతలు తారుమారుగా గుర్తించారు, మరుసటి ఏడాది ఎక్కువ డేటాతో సరిదిద్దారు. గీత పేరు తప్పితే చీలిక గురించి మాట్లాడటానికే లేదు.

లోకేశ్_కోరమంగళ

ఇంత శ్రమ ఒక్క అంకె కోసమా అని కొత్తవాళ్లు అడుగుతారు. 16 సిగ్నై విషయంలోనే చెప్పవచ్చు. వయసు వర్గమూలంతో పాటు భ్రమణ కాలం పెరుగుతుందనేది 1972 నాటి స్కుమానిచ్ నియమం. సూర్యుడి 25.4 రోజులు, 457 కోట్ల ఏళ్ల నుంచి లెక్క వేస్తే 700 కోట్ల ఏళ్లకు 31 రోజులు రావాలి. డోలనాలు 23.8 చెబుతున్నాయి. ద్రవ్యరాశి సూర్యుడి కంటే కాస్త ఎక్కువ కాబట్టి తేడా మొత్తం నియమం మీద మోపకూడదు. అయినా 2021లో 91 కెప్లర్ నక్షత్రాల మీద ఇదే పద్ధతి వాడితే, వయసు మళ్లిన చుక్కల్లో అయస్కాంత బ్రేకు (నక్షత్ర గాలి భ్రమణాన్ని నెమ్మదింపజేయడం) సడలుతోందనే వాదానికి బలం వచ్చింది. చీలికను రెట్టింపుగా చదివి ఉంటే ఆ నిర్ణయం ఎటు పోయేదో ఆలోచించండి.

కడప_కుర్రాడు

సూర్యుడిలా భూమధ్యరేఖ ఒక వేగం, ధ్రువాలు ఒక వేగం అని వీటిలో కూడా తెలుస్తుందా?

సూర్యనారాయణ_మల్లేశ్వరం

కష్టపడితే కొన్నిట్లో. ఎల్=2 లో ఎం=±2 పాయలు భూమధ్యరేఖ దగ్గర బరువు పెడతాయి, ఎం=±1 ఇంకాస్త పై అక్షాంశాల్లో. రెంటికీ వేర్వేరు చీలికలు ఇచ్చి చూడాలి. 2018లో 40 నక్షత్రాల మీద చేస్తే 13 లో స్పష్టమైన తేడా కనపడింది, సూర్యుడి కంటే చాలా ఎక్కువ తేడా. నమూనాలు అంత ఆశించలేదు. నువ్వు మాత్రం మొదట ఒకే చీలికతో ఫిట్ నిలబడ్డాకే అటు వెళ్లు. నిలబడని ఫిట్‌కు ఇంకో పరామితి చేరిస్తే అది ఎప్పుడూ ఏదో ఒకటి కనిపెట్టేస్తుంది.

ప్రశాంతి_హెచ్‌ఎస్‌ఆర్‌లేఅవుట్

కొత్త రన్ పెట్టే ముందు అమరిక రాస్తున్నాను, తప్పుంటే దిద్దండి.

ఉన్న షార్ట్ కేడెన్స్ క్వార్టర్లన్నీ, సొంత అపర్చర్. ఓవర్‌శాంప్లింగ్ 1, స్మూతింగ్ లేదు. 2,265.6 చుట్టూ మూడేసి బిన్‌లు తీసేశాను. నేపథ్యం రెండు హార్వీలు. నూమాక్స్‌కు కింద ఆరు, పైన నాలుగు వరుసలు. అన్ని మోడ్‌లకూ ఒకే చీలిక, ఒకే వంపు. ఎంసీఎంసీలో (యాదృచ్ఛిక అడుగుల గొలుసుతో విలువలూ హద్దులూ వెతికే పద్ధతి) చీలిక 0 నుంచి 2, వంపు 0 నుంచి 90 సమాన ప్రయర్.

వేదవతి_ఇందిరానగర్

ప్రయర్ ఒక్కటి మార్చండి. నక్షత్రాల అక్షాలు ఎటైనా ఉండవచ్చు అనుకుంటే వంపు డిగ్రీల్లో సమానంగా పంచుకోదు, సైన్ వంపుకు అనుపాతంగా పంచుకుంటుంది. 90 కి దగ్గరివి ఎక్కువ, సున్నాకి దగ్గరివి చాలా అరుదు. కోడ్‌లో తేలిక దారి: వంపు బదులు కొసైన్ వంపును 0 నుంచి 1 సమానంగా తీసుకోండి. చీలిక బదులు లబ్ధాన్ని పరామితిగా పెట్టండి. అప్పుడు గొలుసు అరటిపండు ఆకారపు లోయలో చిక్కుకోదు, నడక త్వరగా కుదురుకుంటుంది. పరామితి మార్చారు కాబట్టి చీలిక మీది సమాన ప్రయర్ అలాగే ఉండాలంటే 1 ÷ సైన్ వంపు గుణకం చేర్చడం మరవకండి.

మోడ్ ఎత్తుల్ని స్వేచ్ఛగా వదలకండి. ఎల్=0 తో పోలిస్తే ఎల్=1 పవర్ 1.5, ఎల్=2 ది 0.6 దగ్గర ఉండేలా బిగువైన ప్రయర్ ఇవ్వండి. లేకపోతే ఎల్=2 ఎత్తు పాయల వాటాలతో బేరమాడుతుంది, వంపు మళ్లీ నిలకడ తప్పుతుంది.

అసలు డేటా కంటే ముందు కృత్రిమ స్పెక్ట్రం మీద నడపండి. మీ మోడల్ గీత తీసుకుని ప్రతి బిన్‌నూ −లాగ్(యు) తో గుణించండి, యు అంటే 0 కీ 1 కీ మధ్య యాదృచ్ఛిక సంఖ్య. అదే కై-స్క్వేర్ నాయిస్. చీలిక 0.486, వంపు 56 పెట్టి వంద స్పెక్ట్రాలు చేయండి. వందలో 68 దగ్గర మీ ఒక సిగ్మా హద్దులో నిజ విలువ పడాలి. 40 మాత్రమే పడితే ఎర్రర్లు చిన్నవి చేసుకుంటున్నారని అర్థం, అసలు డేటా జోలికి పోకండి. తర్వాత అదే వందను 90 రోజులకు కుదించి నడపండి. 26, 0.92 లాంటి జవాబులు ఎన్నిసార్లు వస్తాయో మీకే కనిపిస్తుంది.

సూర్యనారాయణ_మల్లేశ్వరం

ఫలితం ఇక్కడ పెట్టేటప్పుడు చీలిక వేరు, వంపు వేరు అంకెలుగా కాకుండా రెండూ కలిపిన కాంటూర్ చిత్రం పెట్టండి. దాని పక్కన లబ్ధం, దాని ఎర్రర్. మోడ్ వారీగా ఎల్=0 వెడల్పుల పట్టిక కూడా జతచేయండి, కింది ఆరు వరుసలవి ముఖ్యం. వెడల్పు బిన్ కంటే చిన్నదిగా ఏ మోడ్‌కైనా వస్తే ఆ మోడ్‌ను తీసేసి మళ్లీ నడపాలి, అక్కడ ఫిట్ ఒక్క నాయిస్ ముల్లును పట్టుకుని కూర్చుందన్నమాట.

ప్రశాంతి_హెచ్‌ఎస్‌ఆర్‌లేఅవుట్

సరే సార్. ముందు కృత్రిమ వంద, తర్వాతే అసలు డేటా. కాంటూర్, లబ్ధం, వెడల్పుల పట్టిక మూడూ ఇదే చర్చలో పెడతాను.